కరెంటు వచ్చింది, పాటలు రాలేదు: న్యాస్‌ను మ్యూజిక్ సర్వర్‌కి తిరిగి కలిపే దారుల్లో ఎవరికి ఏది

మే నెలలో ఒక రాత్రి గాలివానకి కరెంటు పోయి తెల్లవారుజామున నాలుగింటికి వచ్చింది. ఐదున్నరకి నాన్నగారు రోజూలాగే టాబ్లెట్ తీసి తన కీర్తనల లిస్టు నొక్కితే "ఆల్బమ్‌లు: 0" అని కనిపించింది. పాటలన్నీ న్యాస్‌లో, అంటే ఇంటి నెట్‌వర్క్‌లో పెట్టుకున్న డిస్కుల పెట్టెలో, భద్రంగానే ఉన్నాయి. పక్కగదిలో రాస్ప్‌బెరీ పై అనే చిన్న కంప్యూటర్ (ఇకపై 'పై' అంటే ఇదే) మీద నడిచే మ్యూజిక్ సర్వర్‌కి మాత్రం అవి కనిపించలేదు. నిద్రకళ్ళతోనే న్యాస్‌ను మళ్ళీ కలిపాను. పాటలు వచ్చాయి. ఆయన ఏడాదిపాటు ఒక్కొక్కటీ ఏరి పెట్టుకున్న లిస్టులు రాలేదు.

"పోనీలేరా, మళ్ళీ పెట్టుకుంటాలే" అన్నారు. నాకు మాత్రం మనసు ఒప్పలేదు. ఆ తర్వాత నెల రోజులు ఒక్కో పద్ధతీ పెట్టి, కావాలని ప్లగ్గులు పీకి, ఏది నిలబడుతుందో చూశాను. ఇదే సమస్యతో తల పట్టుకున్నవాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నాను.

అసలు తప్పు ఎక్కడ జరుగుతుంది

కరెంటు వచ్చిన క్షణం నుంచి లెక్కపెట్టండి. పై అర నిమిషంలో లేచి కూర్చుంటుంది. రౌటర్‌కి ఒకటి రెండు నిమిషాలు. న్యాస్‌కి డిస్కులు తిరగాలి, వాటిని సరిచూసుకోవాలి, ఆ తర్వాతే ఫోల్డర్లు బయటికి ఇస్తుంది. మామూలుగా మూడు నుంచి ఐదు నిమిషాలు. కరెంటు హఠాత్తుగా పోయింది కాబట్టి ఒక్కోసారి డిస్కు చెకింగ్ కూడా పెట్టుకుంటుంది, అప్పుడు ఇంకా ఎక్కువ. పై వెళ్ళి తలుపు కొట్టే సమయానికి అవతల తలుపు తీసేవాళ్ళే లేరన్నమాట.

ఇక్కడ మౌంట్ అంటే ఏమిటో గుర్తు చేసుకోవాలి. పైలో ముందుగా ఒక ఖాళీ ఫోల్డరు చేసి, న్యాస్‌లోని పాటల ఫోల్డరును దాని మీద తగిలిస్తాం. తగిలితే పాటలు కనిపిస్తాయి. తగలకపోతే కింద ఉన్న ఆ ఖాళీ ఫోల్డరే కనిపిస్తుంది. ఎర్రర్ కాదు, ఖాళీ. సర్వర్ లేవగానే స్కాన్ మొదలుపెట్టి, "పాటలన్నీ తీసేసినట్టున్నారు" అనుకుని తన లెక్కల్లోంచి చెరిపేస్తుంది. నష్టం కరెంటు పోయినందువల్ల కాదు, ఖాళీ ఫోల్డరును సర్వర్ నిజమని నమ్మినందువల్ల.

అన్ని సర్వర్లూ ఒకేలా నమ్మవు. నావిడ్రోమ్ కొత్త వెర్షన్లు కనిపించని పాటలను వెంటనే చెరిపేయకుండా "మిస్సింగ్" అని గుర్తుపెట్టి ఉంచుతాయి. ప్లెక్స్‌లో ప్రతి స్కాన్ తర్వాత చెత్తబుట్ట ఖాళీ చేసే సెట్టింగు ఒకటి ఉంటుంది. న్యాస్ మీద పాటలున్నవాళ్ళు దాన్ని ఈరోజే ఆపేయాలి. పాత స్క్వీజ్‌బాక్స్ ప్లేయర్లు వాడినవాళ్ళకి అలవాటైన లాజిటెక్ మీడియా సర్వర్, ఇప్పుడు లిరియన్ అనే పేరుతో వస్తున్నది, ఏ పాట ఎన్నిసార్లు విన్నారు, ఎంత రేటింగ్ ఇచ్చారు అనే లెక్కలను విడి ఫైల్లో దాస్తుంది కాబట్టి పూర్తి రీస్కాన్ చేసినా అవి పోవు. మీ సర్వర్ ఏ రకమో ముందు తెలుసుకోండి. కింద చెప్పే దారుల్లో ఏది చాలో సగం అక్కడే తేలిపోతుంది.

వేటిని బట్టి ఎంచుకోవాలి

నేను నాలుగు ప్రశ్నలు పెట్టుకున్నాను. న్యాస్ లేనప్పుడు సర్వర్‌కి ఏం కనిపిస్తుంది, ఖాళీ ఫోల్డరా, ఎర్రరా? న్యాస్ లేచాక దానంతటదే కలుస్తుందా? మీరు ఊళ్ళో లేనప్పుడు ఇంట్లోవాళ్ళ వల్ల అవుతుందా? అంతా నడుస్తుండగా న్యాస్ ఒక్కటే అప్‌డేట్ కోసం ఆగి లేస్తే పరిస్థితి ఏమిటి?

చాలామంది రెండో ప్రశ్న దగ్గరే ఆగిపోతారు. నాకు మొదటిదే ముఖ్యం. పది నిమిషాలు ఆలస్యంగా కలిస్తే నష్టం లేదు. ఆ పది నిమిషాల్లో లైబ్రరీ చెరిగిపోతే నష్టం. ఖర్చు చివర చూసుకోవచ్చు, ఎందుకంటే వీటిలో మంచివి కొన్ని ఉచితమే.

ఏ దారైనా ముందు ఈ మూడు పనులు

న్యాస్‌కి ఎప్పుడూ ఒకే ఐపీ అడ్రస్ ఉండాలి. రౌటర్ రీస్టార్ట్ అయినప్పుడు అడ్రస్‌లు కొత్తగా పంచుతుంది, నిన్న చివర 12 ఉన్న న్యాస్‌కి ఇవాళ 15 రావచ్చు. రౌటర్ సెట్టింగుల్లో డీహెచ్‌సీపీ రిజర్వేషన్ పెడితే, అంటే న్యాస్‌కి ఒకే అడ్రస్ కేటాయిస్తే, ఈ గొడవ పోతుంది. వాల్యూమియో, మూడ్ ఆడియో లాంటి రెడీమేడ్ సిస్టమ్‌లు వాడేవాళ్ళలో చాలామందికి ఈ ఒక్క పనితోనే సగం ఇబ్బంది తీరుతుంది.

రెండోది, కరెంటు రాగానే న్యాస్ దానంతటదే ఆన్ అవ్వాలి. సైనాలజీ, క్యూనాప్ లాంటి వాటిలో దీనికి పవర్ సెట్టింగుల్లో ఒక టిక్కు ఉంటుంది. అది లేకపోతే ఎవరో ఒకరు వెళ్ళి బటన్ నొక్కేదాకా మీరు పైలో ఎన్ని తంటాలు పడినా దండగే.

మూడోది, పాటల ఫోల్డరుకి ఎన్‌క్రిప్షన్ పెట్టి ఉంటే రీస్టార్ట్ తర్వాత పాస్‌వర్డ్ ఇచ్చేదాకా అది తెరుచుకోకపోవచ్చు. పాటల ఫోల్డరుకి తాళం అవసరమా అని ఒకసారి ఆలోచించండి. ఇంటి కాగితాలకి పెట్టుకోండి, పాటలకి వద్దు.

1. చేత్తో కలపడం

న్యాస్ లేచాక పైని రీస్టార్ట్ చేయడం. అంతే. నెలకోసారి కరెంటు పోయే ఇంట్లో, మీరు ఒక్కరే పాటలు వినేవాళ్ళయితే, ఇది చాలు. కానీ ఒక షరతు: సర్వర్ లేవగానే స్కాన్ చేసే సెట్టింగు, టైము ప్రకారం స్కాన్ చేసే సెట్టింగు రెండూ ఆపేయాలి. కొత్త పాటలు వేసినప్పుడు మీరే స్కాన్ నొక్కుకోవాలి. అప్పుడు ఖాళీ ఫోల్డరు కనిపించినా సర్వర్ తొందరపడదు.

ఇంట్లో పెద్దవాళ్ళు ఉంటే మాత్రం ఇది దారి కాదు. "ముందు న్యాస్ లైటు పచ్చగా అయ్యేదాకా ఆగి, తర్వాత చిన్నపెట్టె ప్లగ్గు తీసి పెట్టండి" అని ఫోన్లో చెప్పాను ఒకసారి. అమ్మ రౌటర్ ప్లగ్గు తీసింది. తప్పు ఆమెది కాదు, మూడు పెట్టెలూ నల్లవే.

2. బూట్ అయ్యేటప్పుడే మౌంట్, ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌తో

ఎక్కువమంది చేసేది ఇదే. బూట్‌లో ఏమేం మౌంట్ చేయాలో లినక్స్ చూసుకునే ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ఫైల్లో ఒక లైను రాస్తే పై లేచినప్పుడల్లా న్యాస్‌ను తగిలించుకుంటుంది. మామూలు రోజుల్లో బాగా పనిచేస్తుంది. కరెంటు పోయి వచ్చినప్పుడే చెయ్యిస్తుంది.

కారణం ఒక చిన్న తేడా. ఎన్‌ఎఫ్‌ఎస్ పద్ధతిలో, అంటే లినక్స్ వైపు వాడే ఫోల్డర్ షేరింగ్‌తో, కలిపితే మౌంట్ మొదటిసారి కుదరకపోయినా మామూలుగా 2 నిమిషాలపాటు మళ్ళీ మళ్ళీ ప్రయత్నిస్తుంది. బ్యాక్‌గ్రౌండ్ ఆప్షన్ ఇస్తే రోజుల తరబడి ప్రయత్నిస్తూనే ఉంటుంది. ఎస్‌ఎంబీ పద్ధతికి, అంటే విండోస్ షేరింగ్ అని మనం పిలిచేదానికి, ఆ ఓపిక లేదు. ఒకసారి అడిగి, దొరకకపోతే మానేస్తుంది. మన ఇళ్ళలో ఎక్కువగా ఉండేది ఎస్‌ఎంబీయే.

"నెట్‌వర్క్ వచ్చేదాకా ఆగు" అనే ఆప్షన్ పెట్టాం కదా అంటారు కొందరు. అది పైకి నెట్‌వర్క్ వచ్చిందో లేదో చూస్తుంది, అవతల న్యాస్ లేచిందో లేదో చూడదు. ఈ రెండూ ఒకటే అనుకుని నేను వారం పోగొట్టుకున్నాను.

కాబట్టి ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ఒక్కదాన్నే నమ్ముకోవడం ఎన్‌ఎఫ్‌ఎస్ ఉన్నవాళ్ళకి పరవాలేదు, ఎస్‌ఎంబీ ఉన్నవాళ్ళకి చాలదు. ఎన్‌ఎఫ్‌ఎస్‌కీ దాని ఇబ్బంది దానికుంది: పాట వింటుండగా న్యాస్ ఆగిపోతే, మామూలు హార్డ్ మౌంట్‌లో సర్వర్ అలా స్తంభించిపోయి న్యాస్ తిరిగొచ్చేదాకా ఎదురుచూస్తుంది. వచ్చాక ఆపిన చోటి నుంచి సాగుతుంది. చూసేవాళ్ళకి హ్యాంగ్ అయినట్టుంటుంది గానీ, లైబ్రరీ వైపు నుంచి చూస్తే అదే మేలు.

3. ఆటోమౌంట్: అడిగినప్పుడు కలపడం

అదే ఎఫ్‌ఎస్‌ట్యాబ్ లైనుకి సిస్టమ్‌డి (లినక్స్‌లో సర్వీసులను లేపి నడిపే ప్రోగ్రాం) ఆటోమౌంట్ ఆప్షన్ జోడిస్తే పద్ధతి మారిపోతుంది. బూట్ అప్పుడు న్యాస్ జోలికి పోదు. ఎవరైనా ఆ ఫోల్డరు తెరవబోయినప్పుడే వెళ్ళి కలుపుతుంది. కలవకపోతే కింద ఉన్న ఖాళీ ఫోల్డరును చూపించదు, ఎర్రర్ ఇస్తుంది. మళ్ళీ అడిగితే మళ్ళీ ప్రయత్నిస్తుంది. మొదటి రెండు ప్రశ్నలకీ ఒకే లైనుతో జవాబు దొరికింది, పైసా ఖర్చు లేదు. అందుకే లినక్స్ కొంచెం తెలిసినవాళ్ళకి నేను మొదట చెప్పేది ఇదే.

రెండు జాగ్రత్తలు. కొంతసేపు వాడకపోతే తీసేసే ఐడిల్ టైమ్‌అవుట్ పెట్టకండి, మ్యూజిక్ సర్వర్‌కి దానితో లాభం లేదు. ఇంకోటి, నెట్‌వర్కే లేనప్పుడు ప్రయత్నం క్షణంలో విఫలమవుతుంది. సర్వర్ ఆగకుండా తడుతూ ఉంటే సిస్టమ్‌డి "మరీ తొందరగా అడుగుతున్నావు" అని ఆటోమౌంట్‌నే ఆపేస్తుంది. మామూలుగా 10 సెకన్లలో 5 ప్రయత్నాలు దాని హద్దు. ఇది నాకు రౌటర్ ఒక్కటే ఆగిన రోజున ఎదురైంది. న్యాస్ పచ్చగా వెలుగుతోంది, పై వెలుగుతోంది, పాటలు లేవు. ఆ ఆటోమౌంట్‌ను మళ్ళీ మొదలుపెడితేనే కదిలింది.

సర్వర్‌ను డాకర్‌లో, అంటే ప్రోగ్రాములను కంటైనర్లనే విడి డబ్బాల్లో నడిపే పద్ధతిలో, పెట్టుకున్నవాళ్ళకి ఇంకో ముడి ఉంది. న్యాస్ కలవకముందే కంటైనర్ లేస్తే దానికి ఖాళీ ఫోల్డరే అందుతుంది. తర్వాత బయట న్యాస్ కలిసినా లోపల ఖాళీగానే ఉంటుంది. కంటైనర్‌ను రీస్టార్ట్ చేయాలి, లేదా బయట తర్వాత కలిసిన మౌంట్ లోపలికీ అందేలా మౌంట్ ప్రాపగేషన్ ఆప్షన్‌ను ముందే స్లేవ్‌గా పెట్టుకోవాలి. బయట టెర్మినల్‌లో పాటలన్నీ కనిపిస్తుంటే సర్వర్‌లో ఎందుకు లేవో అర్థం కాక టెన్షన్ పడేది ఎక్కువగా వీళ్ళే.

4. కాపలా స్క్రిప్టు

చివరికి మా ఇంట్లో నిలిచింది ఇది, ఆటోమౌంట్ పక్కన. న్యాస్‌లోని పాటల ఫోల్డర్లో "ఉన్నాను" అనే పేరుతో ఒక చిన్న ఖాళీ ఫైలు పెట్టాను. పైలో ప్రతి 2 నిమిషాలకీ ఒక స్క్రిప్టు నడుస్తుంది. ఆ ఫైలు కనిపిస్తే సరే. కనిపించకపోతే సర్వర్‌ను ఆపి, మౌంట్ మళ్ళీ ప్రయత్నిస్తుంది. కనిపించాకే సర్వర్‌ను లేపుతుంది. సర్వర్ బూట్‌లో దానంతటదే లేవకుండా ఆపేశాను, లేపే పని స్క్రిప్టుదే.

ఇందులో నాకు నచ్చింది ఒక్కటే. ఫోల్డరు ఉందా అని కాదు, మౌంట్ అయిందా అని కూడా కాదు, పాటల పక్కనే ఉన్న ఒక ఫైలు కంటికి కనిపిస్తోందా అని అడుగుతుంది. మౌంట్ అయినట్టు చెబుతూ లోపల ఏమీ ఇవ్వని సందర్భాలు ఉంటాయి, ఎన్‌ఎఫ్‌ఎస్‌లో వచ్చే స్టేల్ ఫైల్ హ్యాండిల్ లాంటివి. అవి కూడా దీనికి చిక్కుతాయి.

పది పదిహేను లైన్ల స్క్రిప్టు. రాయడం రానివాళ్ళు తెలిసినవాళ్ళ చేత ఒకసారి రాయించుకున్నా చాలు. అయితే రాసినవాళ్ళకి తప్ప ఇంకెవరికీ అర్థం కాదు, అది దీని లోపం. నేను ఏం రాశానో తెలుగులో ఒక కాగితం మీద రాసి న్యాస్ కింద పెట్టాను.

ఇంకో చిన్న చిట్కా. కింద ఉన్న ఖాళీ ఫోల్డరును చేంజ్ ఆట్రిబ్యూట్ కమాండుతో ఎవరూ రాయడానికి వీల్లేకుండా లాక్ చేయండి. న్యాస్ లేని టైములో ఏ డౌన్‌లోడరో అందులో పాటలు దించి పై మెమరీ కార్డు నింపేయకుండా ఉంటుంది. ఖాళీగా కనిపించే సమస్యను మాత్రం ఇది తీర్చదు.

5. సర్వర్‌నే న్యాస్‌లో నడపడం

పాటలూ సర్వరూ ఒకే పెట్టెలో ఉంటే మధ్యలో తెగడానికి తీగే లేదు. ప్లెక్స్, లిరియన్, నావిడ్రోమ్ మూడింటినీ చాలా న్యాస్‌లలో నేరుగానో డాకర్‌లోనో పెట్టుకోవచ్చు. కరెంటు వస్తే రెండూ కలిసే లేస్తాయి. ఇంట్లోవాళ్ళకి ఇంతకన్నా సులువైంది లేదు.

అడ్డు వచ్చేది న్యాస్ బలం. 512 ఎంబీ ర్యామ్ ఉన్న పాత చిన్న న్యాస్‌లో వేల ఆల్బమ్‌ల లైబ్రరీ ఈడ్చుకుంటూ నడుస్తుంది, డాకర్ అసలు దొరకకపోవచ్చు. పైకి డ్యాక్ (డిజిటల్ పాటను ఆడియో సిగ్నల్‌గా మార్చే పరికరం) తగిలించి నేరుగా యాంప్లిఫయర్‌కి పాట పంపేవాళ్ళు పైని వదులుకోనక్కర్లేదు, దాన్ని ప్లేయర్‌గా ఉంచి సర్వర్‌ను మాత్రం న్యాస్‌కి మార్చుకోవచ్చు. 2 జీబీ ర్యామ్, అంతకు మించి ఉన్న న్యాస్ మీ దగ్గర ఉంటే మిగతావి చదవకుండా ఇదే చేయమంటాను.

6. పాటలను సర్వర్ పక్కకే తెచ్చుకోవడం

ఒక లెక్క చూడండి. ఫ్లాక్‌లో, అంటే నాణ్యత తగ్గకుండా కుదించే ఫార్మాట్‌లో, ఒక ఆల్బమ్ సుమారు 300 ఎంబీ. 1 టీబీలో మూడు వేల ఆల్బమ్‌లు పడతాయి. 320 కేబీపీఎస్ ఎంపీ3 అయితే నాలుగు నిమిషాల పాట 10 ఎంబీకి మించదు. మనలో ఎక్కువమంది సేకరణ ఒక చిన్న యూఎస్‌బీ ఎస్‌ఎస్‌డీలో పట్టేస్తుంది. దాన్ని పైకి తగిలించి, న్యాస్‌ను బ్యాకప్‌గా ఉంచుకుంటే, న్యాస్ లేచినా లేవకపోయినా పాట వస్తుంది.

రాత్రిపూట ఆర్‌సింక్ అనే కాపీ ప్రోగ్రాంతో న్యాస్ నుంచి ఎస్‌ఎస్‌డీకి కొత్త పాటలు తెచ్చుకునేవాళ్ళు డిలీట్ ఆప్షన్ దగ్గర మాత్రం చాలా జాగ్రత్తగా ఉండాలి. న్యాస్ మౌంట్ కాని రాత్రి అటువైపు ఖాళీ కనిపిస్తుంది, "అక్కడ లేనివి ఇక్కడా తీసెయ్" అనే మాట ప్రకారం ఎస్‌ఎస్‌డీలోని పాటలన్నీ పోతాయి. అదే ఖాళీ ఫోల్డరు, ఈసారి లెక్కలు కాదు, పాటలే పోతాయి. డిలీట్ ఆప్షన్ లేకుండా నడపండి.

ఫైళ్ళకి తెలుగులో పేర్లు పెట్టుకున్నవాళ్ళకి ఒక మాట. పాత మ్యాక్‌ల నుంచి తెచ్చిన ఫైళ్ళలో "ై" గుర్తు యూనికోడ్‌లో రెండు ముక్కలుగా విడిపోయి ఉండొచ్చు. కంటికి ఒకేలా కనిపించే "కైవల్యం" రెండు ఫైళ్ళుగా తేలితే కారణం ఇదే, కాపీ చెడిపోయిందని కంగారు పడకండి.

7. కరెంటునే పోనివ్వకపోవడం

న్యాస్‌కి యూపీఎస్ పెట్టుకోవడం డిస్కుల కోసమైనా మంచిదే. యూఎస్‌బీ తీగతో కలిపితే బ్యాటరీ అయిపోయే ముందు న్యాస్ పద్ధతిగా ఆగిపోతుంది. ఆ కబురు నెట్‌వర్క్ ద్వారా పైకి కూడా అందేలా పెట్టుకోవచ్చు. బ్యాటరీ మాత్రం రెండు మూడేళ్ళకోసారి మార్చాలి.

"మాకు ఇన్వర్టర్ ఉంది కదా" అంటారు మన ఊళ్ళలో. చాలా ఇన్వర్టర్లకి యూపీఎస్ మోడ్ అని స్విచ్ ఉంటుంది, దాన్ని వేయకపోతే కరెంటు మారే క్షణంలో పై, రౌటర్ రీస్టార్ట్ అయిపోతాయి. పైగా ఇన్వర్టర్ లైను ఫ్యాన్లకీ లైట్లకీ రెండు మూడు సాకెట్లకీ మాత్రమే ఉంటుంది. మా ఇంట్లో రౌటర్, పై ఇన్వర్టర్ మీద ఉండేవి, న్యాస్ ఉన్న సాకెట్‌కి ఆ లైను లేదు. ప్రతి కోతకీ న్యాస్ ఒక్కటే ఆగి లేచేది. ఇన్వర్టర్‌కి బ్యాటరీ అయిపోతోందని న్యాస్‌కి చెప్పే దారి కూడా మామూలుగా ఉండదు. రాత్రంతా కోత ఉంటే చివర్లో న్యాస్ ఠక్కున ఆగిపోవాల్సిందే.

కాబట్టి యూపీఎస్ చిన్న కోతలను దాటిస్తుంది, పెద్ద కోతను వాయిదా వేస్తుంది. పైన చెప్పినవాటిలో ఏదో ఒకటి ఎలాగూ కావాలి.

| దారి | న్యాస్ లేనప్పుడు కనిపించేది | దానంతటదే కలుస్తుందా | ఇంట్లోవాళ్ళకి | ఖర్చు |
|---|---|---|---|---|
| చేత్తో | ఖాళీ | లేదు | కష్టం | లేదు |
| ఎఫ్‌ఎస్‌ట్యాబ్, ఎస్‌ఎంబీ | ఖాళీ | లేదు | కష్టం | లేదు |
| ఎఫ్‌ఎస్‌ట్యాబ్, ఎన్‌ఎఫ్‌ఎస్ | బూట్‌లో ఖాళీ | ఆప్షన్ పెడితే అవును | పరవాలేదు | లేదు |
| ఆటోమౌంట్ | ఎర్రర్ | దాదాపు ఎప్పుడూ | సులువు | లేదు |
| కాపలా స్క్రిప్టు | సర్వరే లేవదు | అవును | సులువు | ఒక సాయంత్రం |
| న్యాస్‌లోనే సర్వర్ | ఆ సమస్యే లేదు | అక్కర్లేదు | చాలా సులువు | న్యాస్‌ను బట్టి |
| పక్కనే ఎస్‌ఎస్‌డీ | పాటలు ఉంటాయి | అక్కర్లేదు | చాలా సులువు | ఎస్‌ఎస్‌డీ ధర |
| యూపీఎస్ | తోడుగా మాత్రమే | తోడుగా మాత్రమే | సులువు | యూపీఎస్, బ్యాటరీ |

ఎవరికి ఏది

మీరు డల్లాస్‌లోనో బెంగళూరులోనో ఉండి, పాటలు వినేది గుంటూరులో అమ్మానాన్నలైతే ఎస్‌ఎస్‌డీ దారి పట్టండి. టెక్నికల్‌గా అన్నిటికన్నా సాదాసీదాది, అందుకే చెడిపోయేవి తక్కువ. అర్ధరాత్రి ఫోన్ చేసి ప్లగ్గులు తీయించే పని ఉండదు.

సేకరణ పెద్దది, రోజూ పెరుగుతుంది, మీరూ ఇంట్లోనే ఉంటారు అంటే ఆటోమౌంట్, దాని పక్కన కాపలా స్క్రిప్టు. లినక్స్ జోలికి పోవడం ఇష్టం లేనివాళ్ళు, న్యాస్ బలమైనదైతే, సర్వర్‌ను అందులోకి మార్చుకోండి. అద్దె ఇంట్లో ఉండి వైరింగ్ మీద చెయ్యి వేయలేనివాళ్ళు రౌటర్‌కి 12 వోల్టుల మినీ యూపీఎస్ ఒకటి కొనుక్కుంటే అడ్రస్‌ల గొడవైనా తగ్గుతుంది.

ఏది పెట్టుకున్నా ప్లేలిస్టులనూ సర్వర్ డేటాబేస్‌నూ వారానికోసారి వేరే చోటికి కాపీ చేయండి. పాటలు మళ్ళీ ఎక్కడైనా దొరుకుతాయి. నాన్నగారు ఏ పాట తర్వాత ఏది వినాలనుకున్నారో ఇంకెక్కడా దొరకదు.

పెట్టుకున్నాక పరీక్ష చేయకుండా వదలకండి. ముందు బ్యాకప్ తీసుకుని, న్యాస్ నెట్‌వర్క్ తీగ పీకి, పైని రీస్టార్ట్ చేసి, సర్వర్ లేస్తే మీరే స్కాన్ నొక్కండి. పది నిమిషాలు ఆగి ఆల్బమ్‌ల సంఖ్య చూడండి. తగ్గకూడదు. తర్వాత తీగ పెట్టి, దేన్నీ ముట్టుకోకుండా గడియారం చూస్తూ కూర్చోండి. మా ఇంట్లో మూడో నిమిషానికి పాట మొదలైంది. నాన్నగారు అప్పటికే తన లిస్టులో సగం మళ్ళీ ఏర్చుకున్నారు.